"ఫైలు అక్కడే ఉందన్నా!": డేటాబేస్ పాత్ (ఫైలు అడ్రస్) ఎర్రర్లపై అపోహలు, వాస్తవాలు

డేటాబేస్‌లు చూసుకునే డీబీఏగా నేను ఎక్కువసార్లు వినే మాట ఇదే: "అన్నా, ఫైలు అక్కడే ఉంది, నాకు కనిపిస్తోంది. డేటాబేస్ మాత్రం లేదంటోంది." ఇద్దరూ నిజమే చెబుతుంటారు. చూస్తున్న చోటే వేరు.

అపోహ: నాకు కనిపించే ఫైలు డేటాబేస్‌కీ కనిపిస్తుంది.

వాస్తవం: ఎస్‌క్యూఎల్ సర్వర్‌ని నడిపే మేనేజ్‌మెంట్ స్టూడియో మీ ల్యాప్‌టాప్‌లో తెరిచినా, రీస్టోర్ (బ్యాకప్‌ని తిరిగి ఎక్కించే) కమాండ్‌లో రాసే సీ డ్రైవ్ సర్వర్‌ది. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో ఫైలు నుంచి డేటా ఎక్కించే 'కాపీ' కమాండ్ కూడా సర్వర్‌లోనే వెతుకుతుంది. మీ మెషీన్‌లోని ఫైలు ఎక్కించాలంటే పీఎస్‌క్యూఎల్‌లో (పోస్ట్‌గ్రెస్ కమాండ్లు కొట్టే టూల్) 'కాపీ' అనే మాట ముందు ఒక బ్యాక్‌స్లాష్ పెట్టాలి. ఇక నెట్‌వర్క్ ఫోల్డర్‌కి మ్యాప్ చేసుకున్న జెడ్ డ్రైవ్‌ని అస్సలు నమ్మొద్దు. అది మీ లాగిన్ వరకే, డేటాబేస్ సర్వీస్‌కి దాని సంగతే తెలియదు. రెండు బ్యాక్‌స్లాష్‌లతో మొదలయ్యే పూర్తి నెట్‌వర్క్ పాత్ ఇచ్చి, ఆ షేర్ మీద సర్వీస్ అకౌంట్‌కి (డేటాబేస్ నడిచే అకౌంట్) అనుమతి ఇప్పించండి.

అపోహ: రీస్టోర్ ఫెయిలైందంటే బ్యాకప్ పాడైనట్టే.

వాస్తవం: ఒక రాత్రి మా జూనియర్ తమ్ముడు పెద్ద బ్యాకప్ ఫైలుని రెండుసార్లు మళ్లీ కాపీ చేశాడు, పాడైందేమోనని. నేను వెళ్లేసరికి స్క్రీన్ మీద 5133 నంబర్ ఎర్రర్ ఉంది. వాడు నంబర్ చూసి ఆగిపోయాడు, లైను చివరిదాకా చదవలేదు. అక్కడ 'ఆపరేటింగ్ సిస్టమ్ ఎర్రర్ 3' అని ఉంది, అంటే ఆ ఫోల్డరే లేదని. ప్రొడక్షన్‌లో (అసలు సర్వర్‌లో) డేటా ఫైళ్లు 'E:' డ్రైవ్‌లో ఉండేవి, టెస్ట్ సర్వర్‌లో 'E:' డ్రైవే లేదు. బ్యాకప్‌లో పాత అడ్రస్ రాసుంటుంది, ఎస్‌క్యూఎల్ సర్వర్ దాన్నే వెతుక్కుంటూ పోతుంది. 'రీస్టోర్ ఫైల్‌లిస్ట్‌ఓన్లీ' కొట్టి లాజికల్ పేర్లు (డేటాబేస్ లోపల ఆ ఫైళ్లకున్న పేర్లు) చూసి, 'విత్ మూవ్'తో కొత్త అడ్రస్ ఇచ్చాం. రీస్టోర్ మొదలైంది. తమ్ముడు టీకి వెళ్లాడు.

విండోస్‌లో ఆ లైను చివర వచ్చే అంకెలు మూడు గుర్తుంటే సగం టెన్షన్ పోతుంది: 2 అంటే ఫైలు లేదు, 3 అంటే పాత్ లేదు, 5 అంటే అనుమతి లేదు.

అపోహ: ఫైలుకి 777 (లైనక్స్‌లో అందరికీ అన్ని అనుమతులు) ఇచ్చేస్తే పర్మిషన్ గొడవ ఉండదు.

వాస్తవం: లైనక్స్‌లో ఫైలుని చేరాలంటే దారిలోని ప్రతి ఫోల్డర్‌లోకీ వెళ్లే అనుమతి ఉండాలి. గది తలుపు బార్లా తీసినా వీధి గేటుకి తాళం ఉంటే ఎలా? మీ హోమ్ ఫోల్డర్‌లో పెట్టిన ఫైలు పోస్ట్‌గ్రెస్ యూజర్‌కి అందకపోవడానికి తరచూ ఇదే కారణం. ఉబుంటులో మైఎస్‌క్యూఎల్ డేటా ఫోల్డర్‌ని వేరే డిస్క్‌కి మారిస్తే, ఓనర్‌షిప్ సరిగ్గా ఉన్నా ఎర్రర్ 13 (అనుమతి లేదు) రావచ్చు. అక్కడ అడ్డుపడేది యాప్ఆర్మర్, ఏ ప్రోగ్రామ్ ఏ ఫైళ్లు ముట్టుకోవచ్చో చూసే ఉబుంటు కాపలాదారు. దాని ప్రొఫైల్‌లో కొత్త పాత్ చేర్చాలి. 777 కొట్టడం నాకైతే బద్ధకం పనే అనిపిస్తుంది.

అపోహ: ఒరాకిల్‌లో డైరెక్టరీ క్రియేట్ అయిందంటే ఫోల్డర్ ఉన్నట్టే.

వాస్తవం: కాదు. ఆ కమాండ్ పేరుని మాత్రమే నమోదు చేస్తుంది, డిస్క్ మీద ఫోల్డర్ ఉందో లేదో చూడదు. డేటా పంప్ (ఒరాకిల్‌లో డేటా ఎగుమతి, దిగుమతి చేసే టూల్) నడిపినప్పుడు గానీ బండారం బయటపడదు.

అపోహ: పాత్‌ని కాపీ-పేస్ట్ చేశాను, తప్పు ఉండదు.

వాస్తవం: విండోస్ పాత్‌ని అలాగే మైఎస్‌క్యూఎల్‌లో పేస్ట్ చేసి చూడండి. బ్యాక్‌స్లాష్ తర్వాత చిన్న ఎన్ వస్తే కొత్త లైను అనుకుంటుంది, చిన్న టీ వస్తే ట్యాబ్ అనుకుంటుంది. ముందుకు వాలే స్లాష్ (/) వాడండి, విండోస్‌లో అదీ చెల్లుతుంది.