చెట్టు లేని చోట మోకు వేసే కణాలు

ఫిట్స్ వచ్చిన మనిషి చేతిలో తాళాలగుత్తి పెడితే తగ్గుతుందా అని ఇప్పటికీ అడుగుతుంటారు. తగ్గదు. చాలా ఫిట్స్ రెండు మూడు నిమిషాల్లో వాటంతటవే ఆగిపోతాయి. ఆలోపు ఎవరో తాళాలు పెట్టి ఉంటారు కాబట్టి పేరు తాళాలకు దక్కుతుంది. చేయాల్సిందల్లా మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టడం, నోట్లో ఏమీ పెట్టకపోవడం, ఐదు నిమిషాలు దాటితే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లడం.

ఫిట్స్ అంటే మెదడులో నాడీకణాలు అదుపు తప్పి హోరెత్తడం. ఈ హోరు మొదలవకుండా రోజంతా కాపలా కాసే కణాలు వేరే ఉన్నాయి. అవి నిరోధక నాడీకణాలు. గాబా అనే రసాయనాన్ని విడుదల చేసి పక్క కణాలను అదుపులో పెడతాయి. చిట్టెలుక కార్టెక్స్‌లో, అంటే మెదడు పై పొరలో, ప్రతి ఐదారు నాడీకణాల్లో ఒకటి ఈ జాతిది. అవి పుట్టేది మాత్రం కార్టెక్స్‌లో కాదు.

ఉత్తేజపరిచే కణాలు కార్టెక్స్ కిందనే పుట్టి, రేడియల్ గ్లియా అనే నిలువు పోగులను పట్టుకుని నేరుగా పైకి ఎక్కుతాయి. నిరోధక కణాలు పిండం మెదడు అడుగున, గాంగ్లియానిక్ ఎమినెన్స్ అనే ఉబ్బుల్లో పుట్టి అడ్డంగా ప్రయాణించి వస్తాయి. 1997లో స్టీవార్ట్ ఆండర్సన్, జాన్ రూబెన్‌స్టీన్ బృందం దీన్ని చిట్టెలుక పిండం మెదడు ముక్కల్లో చూపించింది. అడుగుభాగానికీ కార్టెక్స్‌కీ మధ్య కోత పెడితే కార్టెక్స్‌లో గాబా కణాలు తగ్గిపోయాయి. డీఎల్‌ఎక్స్1, డీఎల్‌ఎక్స్2 జన్యువులు రెండూ లేని చిట్టెలుక పిల్లల్లోనూ అంతే. తరగతిలో నిలువు పోగుల బొమ్మ ఒక్కటే గీసి వదిలేస్తే సగం పాఠం ఎగిరిపోయినట్టే.

ఇక వాటి నడక. తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుణ్ణి దగ్గరగా చూడండి. ఏకబిగిన పాక్కుంటూ పోడు. పాదాలకు గుజి, నడుము వెనక నుంచి చెట్టు చుట్టూ మోకు. కాళ్ల మీద నిలిచి మోకును పైకి ఎగేస్తాడు. అది పట్టు చిక్కాక బరువంతా దాని మీద వేసి కాళ్లు పైకి లాక్కుంటాడు. మోకు, కాళ్లు. మళ్లీ మోకు, కాళ్లు. ఒళ్లు ఒక్కో అంగలో లేస్తుంది, మధ్యలో ఆగుతుంది.

నిరోధక కణం కదిలేదీ ఇలాగే. ముందుగా పొడవాటి కొమ్మ ఒకటి చాస్తుంది. కేంద్రకానికి కాస్త ముందు ఆ కొమ్మ ఉబ్బుతుంది. కణం లోపలి భాగాలైన సెంట్రోసోమ్, గాల్జీ ఆ ఉబ్బులోకి జరుగుతాయి. మోకు పైకి పడిందన్నమాట. సెంట్రోసోమ్ నుంచి వెనక్కి సాగే మైక్రోట్యూబ్యూళ్లనే సన్నని గొట్టాలు కేంద్రకాన్ని పంజరంలా చుట్టి ఉంటాయి. ఇదే తాడు. డైనీన్ అనే మోటారు ప్రోటీన్, దానికి తోడుగా ఎల్‌ఐఎస్1 అనే ఇంకో ప్రోటీన్, కేంద్రకాన్ని ముందుకు లాగుతాయి. వెనక నుంచి మయోసిన్ 2 అనే ప్రోటీన్ బిగుసుకుని నెడుతుంది, అది కాళ్ల ఊపు. కేంద్రకం ఒక్క ఉదుటున ఉబ్బులోకి దూకి ఆగుతుంది. మళ్లీ ఇంకో ఉబ్బు. అన్నీ కలిపి సగటున గంటకు కొన్ని పదుల మైక్రాన్లు. వెయ్యి మైక్రాన్లయితే ఒక మిల్లీమీటరు.

ఏ భాగం చెడితే ఏం జరుగుతుందో కూడా ఈ పోలికలోనే కనిపిస్తుంది. బ్లెబిస్టాటిన్ అనే రసాయనంతో మయోసిన్ 2ను అడ్డుకుంటే కాళ్ల ఊపు పోయి కేంద్రకం దూకుళ్లు పడిపోతాయి. ఎల్‌ఐఎస్1 సగానికి తగ్గితే లాగుడు మందగిస్తుంది. మనుషుల్లో ఈ లోపంతో పుట్టిన బిడ్డల మెదడు మడతలు సరిగా లేక నున్నగా ఉంటుంది, ఫిట్స్ తీవ్రంగా వస్తాయి. డబుల్‌కార్టిన్ అనే ప్రోటీన్ లేని చిట్టెలుకల్లో కణాల కొమ్మలు అతిగా చీలతాయి, కేంద్రకం మాత్రం కురచ అంగలే వేస్తుంది.

పోలిక తెగేది ఒక్కచోట. ఈ కణానికి చెట్టు లేదు. మలుపు తిరగాలంటే కొమ్మ కొసను వంచదు, కొమ్మను రెండుగా చీలుస్తుంది. ఒక పాయ సరైన దిక్కుకు ఉంటే దాన్ని నిలుపుకుని రెండోదాన్ని వెనక్కి లాక్కుంటుంది. ఆ తర్వాతే కేంద్రకం ఆ పాయలోకి దూకుతుంది.

సరైన దిక్కు ఏదో చెప్పే గుర్తులు దారి పొడవునా ఉంటాయి. దారిలో కార్టెక్స్ కింద లోతున ఉండే స్ట్రయాటమ్ అనే భాగం తగులుతుంది. అది సెమాఫోరిన్లనే ప్రోటీన్లను వెదజల్లుతుంది. న్యూరోపిలిన్ గ్రాహకాలున్న కణాలు వాటికి దూరంగా జరుగుతాయి. గాంగ్లియానిక్ ఎమినెన్స్ మధ్య ఉబ్బులో పుట్టే కణాలన్నిటిలో మొదట ఎన్‌కేఎక్స్2-1 అనే జన్యువు పనిచేస్తుంటుంది, అది న్యూరోపిలిన్-2ను అణిచి ఉంచుతుంది. కార్టెక్స్‌కు పోవలసిన కణం ఎన్‌కేఎక్స్2-1ను ఆపేస్తుంది, న్యూరోపిలిన్-2 పైకి వస్తుంది, స్ట్రయాటమ్‌ను తప్పించుకుని పోతుంది. ఆపని కణాలు స్ట్రయాటమ్‌లోనే స్థిరపడతాయి. ఒక్క జన్యువు ఆగడమో ఆగకపోవడమో కణం చిరునామా తేలుస్తుంది. ఇంతకన్నా అందమైన ఏర్పాటు ఈ మొత్తం ప్రయాణంలో లేదు.

ఆగేదెప్పుడు? ఇక్కడ గాబాయే గుర్తు. లేత కణంలో క్లోరైడ్ ఎక్కువ. అందుకే గాబా తగిలినప్పుడు కణం అణగదు, ఉత్తేజితమవుతుంది. లోపల కాల్షియం ఎగసి నడక సాగుతుంది. తర్వాత కేసీసీ2 అనే పంపు పెరిగి క్లోరైడ్‌ను బయటికి తోడేస్తుంది. అదే గాబా అప్పుడు కణాన్ని అణుస్తుంది, కాల్షియం ఎగసిపాట్లు తగ్గుతాయి, కణం నిలిచిపోతుంది.

మద్యం గాబా గ్రాహకాల పనిని పెంచుతుంది. గర్భంలో ఉండగా మద్యం తగిలిన చిట్టెలుక పిండాల్లో ఈ కణాల వలస గాడి తప్పింది. క్లోరైడ్‌ను లోపలికి తెచ్చే ఎన్‌కేసీసీ1ను బ్యుమెటనైడ్ అనే మందుతో అడ్డుకుంటే ఆ తేడా రాలేదు. గ్రహణం నీడ పిండాన్ని ఏమీ చేయదు, గ్రహణం మొర్రికీ గ్రహణానికీ సంబంధం లేదు. గ్రహణం రోజున గర్భిణిని కదలనీయకుండా కూర్చోబెట్టే పట్టుదల మద్యాన్ని దూరం పెట్టడంలో చూపితే బిడ్డకు నిజంగా మేలు.

మనుషుల్లో ఈ వలస పుట్టుకతో ముగియదు. పుట్టిన తర్వాత కొన్ని నెలలపాటు కూడా లేత నిరోధక కణాలు మెదడు ముందు భాగంలోకి గుంపులుగా వెళ్తున్నాయని 2016లో తేలింది.

గమ్యం చేరినవన్నీ బతకవు. చిట్టెలుకలో పుట్టిన తర్వాత తొలి వారాల్లో సుమారు 40 శాతం చనిపోతాయి. 2012లో ఒక బృందం పిండం నుంచి తీసిన లేత కణాలను వేరే వయసు చిట్టెలుక మెదడులో నాటి చూసింది. ఆతిథ్యమిచ్చిన మెదడు వయసుతో నిమిత్తం లేకుండా, సొంత వయసు లెక్కన ఎప్పుడు చనిపోవాలో అప్పుడే ఆ కణాల్లో కొంత భాగం చనిపోయింది.