పగలు పొడి, రాత్రి ఉక్క: నగరం గాలిలో నీళ్ల లెక్క

"హైదరాబాద్‌లో చెరువులు పూడ్చేశారు, చెట్లు కొట్టేశారు. గాలిలో తేమ తగ్గాలి కదా, మరి రాత్రిళ్లు ఈ ఉక్కపోత ఎక్కడిది?" అని ఒక పాఠకురాలు అడిగారు. ఎంత మంచి ప్రశ్నో! ఒకదానితో ఒకటి పొసగనట్టు కనిపించినా ఈ రెండూ నిజమే.

ముందు పగటి సంగతి. ఈ మొత్తం విషయంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన అంకె ఒకటుంది. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు 24 లక్షల జౌల్స్ శక్తి కావాలి, కరెంటు లెక్కలో యూనిట్‌లో మూడింట రెండు వంతులు. నీళ్లు పెట్టిన వరి మడి చదరపు మీటరుకు రోజుకు ఐదు లీటర్ల దాకా ఆవిరి చేస్తుంది. ఇప్పుడు 200 గజాల ప్లాటు తీసుకోండి, అంటే 167 చదరపు మీటర్లు. అంత మడి ఒక్క రోజులో 800 లీటర్లకు పైగా నీటిని గాలిలోకి పంపుతుంది, దాంతోపాటు 550 యూనిట్ల వేడిని గాలికి అంటకుండా మింగేస్తుంది. ఒకటిన్నర టన్నుల ఏసీలు నాలుగు, రాత్రీ పగలూ ఆపకుండా నడిచినా అంత వేడిని లాగలేవు. పైగా ఏసీ లాగిన వేడిని, తను తిన్న కరెంటు వేడినీ కలిపి పక్కింటి సందులోకి వదులుతుంది, మడి అలా చేయదు.

అదే ప్లాటు మీద స్లాబు పడి, చుట్టూ సిమెంటు వేశాక, కురిసిన వాన కాసేపట్లో నాలా పాలవుతుంది. ఎండ మాత్రం తగ్గదు. ఆవిరి చేయడానికి నీళ్లు దొరకని ఆ శక్తి స్లాబునీ, తారునీ, వాటిని తాకిన గాలినీ కాలుస్తుంది. ఒక్క లీటరు ఆవిరికి పట్టే వేడి చాలు, చదరపు మీటరు అడుగున్న కిలోమీటరు ఎత్తు గాలి స్తంభాన్ని రెండు డిగ్రీలు వేడెక్కించడానికి! బడిలో నీటి చక్రం అంటే సముద్రం, మేఘం, కొండ గీయించి వదిలేస్తాం, ఆ నీరు వేడిని మోసుకెళ్తుందని చెప్పం. నాకు ఇది నిజంగా బాధ కలిగిస్తుంది.

ఇక ఫోన్‌లో కనిపించే తేమ శాతం. అది గాలిలో ఎన్ని నీళ్లున్నాయో చెప్పదు, ఆ వేడిలో ఉండగలిగినంత ఆవిరిలో ఎంత వంతు ఉందో చెబుతుంది. 27 డిగ్రీల దగ్గర 60 శాతం ఉన్న గాలి 30 డిగ్రీలకు చేరితే, ఒక్క చుక్క కూడా పోకుండానే 50 శాతానికి దిగిపోతుంది. నగరంలో తేమ తగ్గిందనే మాటలో కొంత భాగం ఇదే.

ఉక్క కథ రాత్రి మొదలవుతుంది. వానాకాలం వెళ్లాక పల్లెటూళ్లో నేల త్వరగా చల్లబడి, ఆకుల మీద మంచు పడుతుంది. "మంచు పడుతోంది, తలకు గుడ్డ కట్టుకో" అంటారు పెద్దలు, కానీ ఆ బిందువులు పైనుంచి రాలవు, పక్కనున్న గాలిలోని ఆవిరే చల్లటి ఆకును తాకి నీరవుతుంది. అంటే ఊరి గాలి రాత్రికి కొంత నీటిని కింద పెట్టేస్తుంది. నగరంలో గోడలు పగటి వేడిని తెల్లారేదాకా వదులుతూనే ఉంటాయి కాబట్టి మంచు అంతగా పట్టదు, ఆవిరి చాలావరకు గాలిలోనే ఉండిపోతుంది. దానికి వంటిళ్లు, పెద్ద భవనాల ఏసీ వేడిని నీళ్లు ఆవిరి చేసి వదిలే కూలింగ్ టవర్లు, బండ్లు తోడవుతాయి. లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీరే ఆవిరిగా బయటికొస్తుంది! రాత్రి గాలి పైకి కిందికి పెద్దగా కలవదు కనుక ఈ కొంచెం కూడా కిందే పోగవుతుంది.

ఊళ్లో 24 డిగ్రీలు, 90 శాతం తేమ, నగరంలో 27 డిగ్రీలు, 78 శాతం తేమ అనుకుందాం. శాతం చూస్తే నగరం పొడి. ఘనపు మీటరు గాలిలో ఆవిరి తూస్తే ఊళ్లో 19.6 గ్రాములు, నగరంలో 20 గ్రాములు. ఆవిరీ ఎక్కువ, వేడీ ఎక్కువ, ఇంక చెమట ఎలా ఆరుతుంది?

అయితే ఊరు ఎప్పుడూ చల్లగా ఉంటుందనీ కాదు. ఏప్రిల్, మే నెలల్లో పొలాలు బీళ్లుగా ఉంటాయి, అక్కడా ఆవిరయ్యే నీరు లేదు. అందుకే ఉపగ్రహాల నుంచి నేల వేడి కొలిస్తే, ఎండాకాలం పగటిపూట మన దేశంలోని చాలా నగరాలు చుట్టుపక్కల నేల కంటే చల్లగా కనిపిస్తాయి. నగరంలో పార్కులున్నాయి, నీళ్లు పోసే తోటలున్నాయి. రాత్రయ్యేసరికి మళ్లీ నగరమే వేడి.

కాబట్టి ఒకే మందు అన్ని నగరాలకూ పనిచేయదు. హైదరాబాద్ లాంటి పీఠభూమి మీద, ఎండాకాలం గాలి పొడిగా ఉన్నప్పుడు చెరువులో నీరు, చెట్టు వదిలే ఆవిరి బాగా చల్లబరుస్తాయి. విశాఖలో సముద్రపు గాలి ముందే ఆవిరి మోసుకొస్తుంది, అక్కడ చెట్టు ఇచ్చే ఆవిరి కంటే దాని నీడే ఎక్కువ మేలు, ఆ సముద్రపు గాలి వీధుల్లోకి చొరబడేలా భవనాల మధ్య దారి వదలడం ఇంకా మేలు.