లూడోలో ఆరు పడటం తెలివా, అదృష్టమా: సికింద్రాబాద్ పేకాట కేసు నుంచి 2025 చట్టం దాకా

నలుగురు ఆడతారు. తలా 5 రూపాయలు పెడతారు. గెలిచినవాళ్లకి 17 రూపాయలు, మిగిలిన 3 రూపాయలు యాప్ నడిపేవాళ్లకి. 2021లో బొంబాయి హైకోర్టుకు చేరిన ఒక పిటిషన్‌లో చూపించిన లెక్క ఇది. ఆట పేరు లూడో సుప్రీం. ఫోన్ తెర మీద పాచిక ఎంత పడుతుందో ఆడేవాళ్ల చేతిలో లేదు కాబట్టి ఇది జూదమేనని, కేసు పెట్టాలని పిటిషనర్ వాదన. కింది కోర్టు ఒప్పుకోకపోవడంతో ఆయన హైకోర్టు మెట్లెక్కారు.

చిన్నపిల్లలు ఆడుకునే లూడో గురించి హైకోర్టులో వాదనలేమిటని నవ్వుకోవచ్చు. కానీ మన దేశంలో డబ్బు పెట్టి ఆడే ప్రతి ఆటనీ చాలా కాలం ఒకే ప్రశ్నతో తూచారు: ఇందులో తెలివి ఎక్కువా, అదృష్టం ఎక్కువా? ఆ ప్రశ్న లూడో దాకా ఎలా వచ్చిందో, చివరికి ఎందుకు పనికిరాకుండా పోయిందో చెప్పాలంటే ముందు పాచిక సంగతి చూడాలి.

ఋగ్వేదం పదో మండలంలో 34వ సూక్తం ఒక జూదరి గోడు. తానికాయలతో ఆడిన ఆటలో అన్నీ పోగొట్టుకుని, భార్యకీ అత్తకీ దూరమైనవాడి మాటలు అవి. ఇక శకుని పాచికల గురించి తెలుగువాళ్లకి చెప్పక్కర్లేదు. మొగలుల కాలంలో అబుల్ ఫజల్ అయినీ అక్బరీలో చౌపడ్ అనే పాచికలాట గురించి వివరంగా రాశాడు. ఫతేపూర్ సిక్రీ కోటలో రాళ్లు పరిచిన ముంగిలిలో పచ్చీసు, అంటే గవ్వలు వేసి కాయలు నడిపే ఆట, పటం ఇప్పటికీ కనిపిస్తుంది. కాయల బదులు మనుషుల్ని నిలబెట్టి ఆడేవారని చెబుతారు.

మన ఇళ్లలో అరుగుల మీద సుద్దతో గీసుకున్న అష్టాచెమ్మా ఈ కుటుంబంలోదే. అయిదు గళ్లు నిలువు, అయిదు గళ్లు అడ్డం, నాలుగు గవ్వలు. ఇక్కడ ఆగి చూడాల్సిన విషయం ఒకటుంది. ప్రతి గవ్వా వెల్లకిలా, బోర్లా సమానంగా పడుతుందనుకుందాం. నాలుగు గవ్వలు మొత్తం పదహారు రకాలుగా పడొచ్చు. వాటిలో రెండు పడే వీలు ఆరు సార్లు, ఒకటికి నాలుగు, మూడుకి నాలుగు. చెమ్మకి, అంటే నాలుగుకి, ఒక్కసారి. అష్టాకి, అంటే ఎనిమిదికి, ఒక్కసారి. నిజం గవ్వలు అంత సమానంగా పడవు గానీ, కొన్ని అంకెలు తరచుగా, కొన్ని అరుదుగా పడతాయన్నది మాత్రం మారదు. రెండు గళ్ల వెనక ఎదుటివాళ్ల కాయ ఉంటే మన కాయకి ప్రమాదమని, నాలుగు గళ్ల వెనక ఉంటే కాస్త ధైర్యంగా ఉండొచ్చని మన అమ్మమ్మలకి లెక్కలు రాయకుండానే తెలుసు. పైగా గవ్వలు ఎలా విసరాలో చేతికి కొంత అలవాటవుతుంది.

పచ్చీసు ఆటని ఇంగ్లండు తీసుకెళ్లి పిల్లల కోసం కుదించారు. గవ్వలు పోయి ఆరు ముఖాల పాచిక వచ్చింది. దాన్ని చిన్న కప్పులో వేసి గిలకరించి వెయ్యాలి. 1896లో లూడో పేరుతో అక్కడ పేటెంటు తీసుకున్నారు. అంతకు ముందే, 1874లో, అమెరికాలో ఇదే ఆట పార్చీసీ పేరుతో ట్రేడ్‌మార్కు అయింది. ఇంగ్లండు లూడోలో ఒకటి నుంచి ఆరు దాకా అన్ని అంకెలకీ సమాన అవకాశం. చేతివాటానికి చోటు లేదు. కాయ బయటికి రావాలంటే ఆరు పడి తీరాలి. అష్టాచెమ్మాలో ఉన్న కాస్త అంచనా కూడా ఇందులో సన్నగిల్లింది. అదే లూడో మనకి రంగుల అట్ట మీద, వెనక వైపు వైకుంఠపాళితో కలిసి తిరిగొచ్చింది.

నవీ ముంబయిలో గేమ్‌షన్ టెక్నాలజీస్ అనే చిన్న కంపెనీ పెట్టిన వికాస్ జైస్వాల్ 2016లో లూడో కింగ్ తెచ్చారు. డబ్బు పందెం లేదు, ప్రకటనల ఆదాయమే ఎక్కువ. 2020 లాక్‌డౌన్‌లో ఆ యాప్ దశ తిరిగింది. హైదరాబాద్‌లో కొడుకు, గుంటూరులో తల్లి, డల్లాస్‌లో కూతురు ఒకే బోర్డు మీద ఆడుకున్న రోజులవి. కాయని చంపినందుకు ఫోన్‌లోనే అలకలు, మళ్లీ బతిమాలుకోవడాలు.

అప్పుడే ఒక అనుమానం కూడా బాగా పాకింది: కంప్యూటర్ కావాలనే ఆరు వెయ్యడం లేదని. నిజాయితీ పాచికతోనే లెక్క వేస్తే, ఆరు సార్లు వేసినా ఒక్క ఆరూ పడకపోయే అవకాశం నూటికి దాదాపు 33. పది సార్లు వేసినా పడకపోయేది నూటికి 16. అంటే నలుగురు కూర్చున్న ఆటలో ఎవరో ఒకరు కాయ బయటికి రాక పళ్లు నూరుకుంటూ ఉండటం మామూలే. అట్ట మీద ఆడినప్పుడు పాచిక కళ్ల ముందు దొర్లేది కాబట్టి మన ఖర్మ అనుకునేవాళ్లం. ఫోన్‌లో ఆ అంకె ఎక్కడినుంచి వస్తోందో కనపడదు. సరదా ఆటలో ఆ అనుమానం అలకతో పోతుంది. అయిదు రూపాయలు పెడితే అలా పోదు.

1867 నాటి పబ్లిక్ గ్యాంబ్లింగ్ చట్టం జూదగృహాలని నిషేధిస్తూనే, కేవలం నైపుణ్యంతో ఆడే ఆటలకి మినహాయింపు ఇచ్చింది. నిజాం రాజ్యంలో ఫసలీ లెక్కన 1305లో, అంటే 1895-96 ప్రాంతంలో వచ్చిన హైదరాబాద్ జూద చట్టంలోనూ అదే మినహాయింపు. 1957లో బహుమతుల పోటీల కేసులో సుప్రీంకోర్టు రెండు మాటలు చెప్పింది. జూదాన్ని రాజ్యాంగం కాపాడే వ్యాపారంగా చూడలేం. గెలుపు చాలావరకు నైపుణ్యం మీద ఆధారపడితే అది జూదం కాదు.

తర్వాతి మలుపు మన సికింద్రాబాద్‌లో. 1963లో ఒక క్లబ్బు మీద పోలీసులు దాడి చేసి, డబ్బు పెట్టి రమ్మీ ఆడుతున్నవాళ్లని పట్టుకున్నారు. ఆ కేసు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వర్సెస్ సత్యనారాయణగా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. జస్టిస్ హిదయతుల్లా రాసిన తీర్పు ప్రకారం రమ్మీ మూడు ముక్కలాట లాంటిది కాదు. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారెయ్యాలో తెలియాలి, కాబట్టి నైపుణ్యమే ఎక్కువ. 1968 నాటి లా రిపోర్టుల్లోకెక్కిన ఈ తీర్పు మీదే తర్వాత దేశంలోని ఆన్‌లైన్ రమ్మీ వ్యాపారమంతా నిలబడింది. 1996లో గుర్రప్పందేల కేసులో కోర్టు ఇంకాస్త వీలిచ్చింది: పూర్తిగా నైపుణ్యమే ఉండక్కర్లేదు, అదృష్టం కన్నా అది ఎక్కువుంటే చాలు.

సికింద్రాబాద్ తీర్పులోనే ఇంకో వాక్యం ఉంది. క్లబ్బువాళ్లు ముక్కలకీ సౌకర్యాలకీ కాస్త ఫీజు తీసుకుంటే తప్పులేదు గానీ, పందెం ఆట మీద లాభం చేసుకుంటున్నట్టు ఆధారం ఉంటే నేరం కావచ్చు అని. కంపెనీలు మొదటి సగాన్ని కోర్టుల్లో పదేపదే చదివాయి. రెండో సగం వినిపించింది తక్కువ. ఇరవై రూపాయల్లో మూడు రూపాయలు సౌకర్యాల ఫీజా, లాభమా? నాకైతే అసలు అడగాల్సిన ప్రశ్న ఇదే అనిపిస్తుంది. వైకుంఠపాళిలో అంతా అదృష్టమే. అయినా దానివల్ల ఏ ఇల్లూ కూలలేదు. తెలివి కావాల్సిన రమ్మీలో పొలాలు పోగొట్టుకున్నవాళ్లు మన ఊళ్లన్నిట్లో ఉన్నారు.

తెలుగు రాష్ట్రాలు ఈ తూకాన్ని ముందే పక్కన పెట్టాయి. 2017లో తెలంగాణ ఆర్డినెన్స్ తెచ్చి ఆన్‌లైన్‌లో డబ్బు ఆటల్ని నిషేధించింది. రమ్మీ కొంత తెలివి, కొంత అదృష్టం కాబట్టి దాన్ని నైపుణ్యం ఆటగా చూడకూడదని అందులో వివరణ ఇచ్చింది. 2020 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ అదే బాట పట్టింది. నిర్వాహకులకి మొదటిసారి ఏడాది జైలు, రెండోసారి రెండేళ్లు, ఆడుతూ దొరికినవాళ్లకి ఆరు నెలలు. దాంతో యాప్‌లు ఫోన్ ఎక్కడుందో చూసి ఇక్కడివాళ్లకి డబ్బు ఆట తెరవడం మానేశాయి. ఫేక్ లొకేషన్ పెట్టి ఆడినవాళ్లూ ఉన్నారు.

పక్క రాష్ట్రాల్లో కథ వేరు. తమిళనాడు నిషేధాన్ని 2021లో మద్రాసు హైకోర్టు, ఇలాంటి నిషేధంతో కర్ణాటక తెచ్చిన చట్ట సవరణని 2022లో అక్కడి హైకోర్టు కొట్టేశాయి. ఈలోపు డబ్బు లూడో కంపెనీలు ఆటనే మార్చేశాయి. ఆరు పడేదాకా ఆగక్కర్లేదు. టైము పెట్టి, పాయింట్లు పెట్టారు. కొన్నింట్లో పాచికే తీసేసి, అందరికీ ఒకే అంకెల వరుస ముందే చూపించారు. కోర్టు తక్కెడలో నైపుణ్యం వైపు ముల్లు వాలేలా ఆటని చెక్కుకున్నారన్నమాట. తెలివైన పనే, ఒప్పుకోవాలి. కాకపోతే ఆ తెలివి ఆడేవాళ్లది కాదు, యాప్ తయారుచేసినవాళ్లది.

2023 అక్టోబరు 1 నుంచి కేంద్రం తెలివీ అదృష్టం తేడా చూడకుండా, ఆటలో పెట్టిన పూర్తి సొమ్ము మీద 28 శాతం జీఎస్టీ వేసింది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టాన్ని రెండు రోజుల్లో రెండు సభల్లోనూ ఆమోదించింది. డబ్బు పెట్టి డబ్బు ఆశించే ఆట ఏదైనా, దానికి ఎంత తెలివి కావాల్సివచ్చినా, నిషేధమే. నడిపేవాళ్లకి మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ప్రకటనలిస్తే రెండేళ్లు, 50 లక్షలు. ఆడినవాళ్లకి మాత్రం శిక్ష లేదు. ఆంధ్ర చట్టానికీ దీనికీ ఇదొక పెద్ద తేడా. డబ్బు లూడోలు ఆగిపోయాయి. కంపెనీలు హైకోర్టుల్లో వేసిన పిటిషన్లని సుప్రీంకోర్టు తన దగ్గరికి తెప్పించుకుంది.

ఉచిత లూడోకి ఈ చట్టంతో పేచీ లేదు. చందా కట్టి ఆడే సరదా ఆటలకీ లేదు. మధ్యలో ఒక చోటు మాత్రం మసకగా ఉంది. చాలా లూడో యాప్‌లలో బల్ల దగ్గర కూర్చోవాలంటే నాణేలు కట్టాలి, గెలిచినవాళ్లు అందరూ కట్టిన నాణేలన్నీ తీసుకుంటారు. నాణేలు అయిపోతే నిజం డబ్బుతో కొనుక్కోవచ్చు, తిరిగి డబ్బుగా మార్చుకోవడం మాత్రం కుదరదు. చట్టం పందెం కింద రాసుకున్న వాటిలో డబ్బిచ్చి కొన్న నాణేలు, టోకెన్లు కూడా ఉన్నాయి. గెలిచాక చేతికొచ్చేది మళ్లీ ఆ నాణేలే అయినప్పుడు దాన్ని లాభం అనాలా వద్దా అన్నది ఇక తేలాల్సిన లెక్క.