ప్లేటు ఎదురుగా ఉంటే కంప్యూటర్ ఎందుకు లేదంటుంది? ఈఆర్‌పీపై అపోహలు - వాస్తవాలు

గాజువాక ఆటోనగర్‌లోని ఫ్యాబ్రికేషన్ షెడ్లలో, మెషిన్ షాపుల్లో ఈఆర్‌పీ, అంటే కొనుగోళ్లు, స్టాకు, తయారీ, లెక్కలు అన్నిటినీ ఒకే చోట నడిపే సాఫ్ట్‌వేర్, పెట్టించడం నా పని. మొదట స్టోర్స్‌లో చేరాను, తర్వాత ప్లానింగ్‌కి, అక్కడి నుంచి ఇటు వచ్చాను. ఓనర్లతో మొదటి మీటింగులో టీ చల్లారకముందే కొన్ని మాటలు తప్పకుండా వినిపిస్తాయి. అవే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: సాఫ్ట్‌వేర్ వస్తే స్టాకు దానంతటదే సరిపోతుంది.

అన్నిటికన్నా ఎక్కువ డబ్బు తగలేసేది ఈ నమ్మకమే. ఒక స్ట్రక్చరల్ యూనిట్‌లో సిస్టమ్ మొదలుపెట్టిన మూడో వారం, 10 ఎంఎం ప్లేట్లు స్క్రీన్‌లో మైనస్ నాలుగు చూపించాయి. స్టోర్‌కీపర్ నన్ను చెయ్యి పట్టుకుని యార్డులోకి తీసుకెళ్లాడు. "ఏటి సార్ ఇది, ప్లేట్లు ఎదురుగా కనబడతన్నాయి కదా!" అన్నాడు. నిజమే, కనబడుతున్నాయి.

వెతికితే మూడు కారణాలు దొరికాయి. లారీ శనివారం సాయంత్రం వచ్చింది. ప్లేట్లు ఆ రాత్రి షిఫ్టులోనే కటింగ్‌కి వెళ్లిపోయాయి. బిల్లు చేతికొచ్చాక మంగళవారం జీఆర్‌ఎన్ (సరుకు అందిందని రాసే రసీదు) వేశారు. అంటే సిస్టమ్ లెక్కలో, రాని ప్లేట్లను కోసేశారన్నమాట.

రెండోది యూనిట్ల తికమక. కొనేది టన్నుల్లో, పనికి ఇష్యూ చేసేది ప్లేట్ల లెక్కన. ఉక్కు మందం ఒక్కో మిల్లీమీటరుకు చదరపు మీటరుకు 7.85 కిలోలు. ఆ లెక్కన 1500 × 6300 ఎంఎం సైజు, 10 ఎంఎం మందం ప్లేటు సుమారు 742 కిలోలు. సిస్టమ్‌లో ఐటమ్ వివరాలుండే మాస్టర్‌లో ఎవరో గుండుగుత్తగా 750 కొట్టారు. ఎనిమిది కిలోల తేడాయే కదా అనిపిస్తుంది. కానీ యార్డులోకి నూరు ప్లేట్లు దిగితే స్క్రీన్‌లోకి తొంభై తొమ్మిదే వస్తాయి. దీని మీద వేబ్రిడ్జి తూకానికీ సైజు లెక్కకీ మధ్య ఉండే తేడా అదనం.

మూడోది ముక్కలు. కోయగా మిగిలిన మంచి ముక్క గోడకి ఆనించి ఉంటుంది, ఎవరూ స్టోర్స్‌కి తిరిగి రాయరు. రెండు నెలల తర్వాత దాంతోనే గసెట్లు (జాయింట్ల దగ్గర వేసే చిన్న ప్లేట్లు) కోసేస్తారు. సిస్టమ్ మాత్రం అవి కొత్త ప్లేటులోంచి వచ్చాయనుకుంటుంది.

మేం చేసింది పెద్ద విద్యేమీ కాదు. బిల్లు కోసం ఆగకుండా గేటు దగ్గర, సరుకుతో వచ్చే చలాన్ మీదే జీఆర్‌ఎన్ వేయించాం, రేటు తర్వాత సరిచేసుకోవచ్చు. అర చదరపు మీటరు దాటిన ముక్కకు పెయింట్ మార్కర్‌తో నంబరు వేసి స్టాకులోకి తీసుకున్నాం. స్టాకు తనిఖీని మార్చి 31 దాకా ఆపకుండా, ఖరీదైన పది ఐటమ్స్‌ను వారానికోసారి లెక్కపెట్టించాం.

ఒక్క విషయంలో మాత్రం నేను మొండివాణ్ణి. చాలా సాఫ్ట్‌వేర్లలో నెగటివ్ స్టాకును అనుమతించే సెట్టింగ్ ఒకటి ఉంటుంది. పని ఆగకూడదని దాన్ని ఆన్ చేయమంటారు. ముడిసరుకు విషయంలో నేను ఒప్పుకోను. మొదటి నెల గొడవే, ఫోన్లే, టెన్షనే. ఆ సెట్టింగ్ ఆన్‌లో ఉంటే మాత్రం పైన చెప్పిన మూడు తప్పుల్లో ఒక్కటీ బయటపడదు.

అపోహ: టాలీ ఉంది కదా, ఇదెందుకు?

ఇందులో సగం నిజముంది. పదిహేను మందితో జాబ్ వర్క్ (వేరేవాళ్ల సరుకు మీద కూలికి చేసే పని) చేసుకునే మెషిన్ షాపు వాళ్లు వస్తే, టాలీ, ఒక మంచి రిజిస్టరు చాలని చెప్పి పంపేసిన సందర్భాలున్నాయి. నా జేబుకి నష్టమే, ఏం చేస్తాం.

ఈఆర్‌పీ మూలం అకౌంట్స్‌లో లేదు. 1960లలో అమెరికా ఫ్యాక్టరీల్లో ఏ సరుకు, ఎంత, ఎప్పటికి కావాలో లెక్కకట్టే పద్ధతిగా, ఎంఆర్‌పీ (మెటీరియల్ రిక్వైర్‌మెంట్స్ ప్లానింగ్) అన్న పేరుతో మొదలైంది. 1980లకు మెషిన్లు, మనుషుల లెక్క కలిసింది. 1990లో గార్ట్‌నర్ అనే రీసెర్చ్ సంస్థ ఈఆర్‌పీ అని పేరు పెట్టింది. కాబట్టి అడగాల్సిన ప్రశ్న బిల్లింగ్ గురించి కాదు. అసెంబ్లీలో సబ్ అసెంబ్లీ, దాని కింద మళ్లీ భాగాలు మీ పనిలో ఉన్నాయా? ఇన్‌స్పెక్టర్ ఒక బీమ్ మీద వేలు పెట్టి "ఈ ప్లేటు హీట్ నంబరెంత, టెస్ట్ సర్టిఫికెట్ ఏదీ" అంటే ఎంతసేపట్లో చూపించగలరు? (హీట్ నంబరంటే ఆ ఉక్కు ఏ పోతలోంచి వచ్చిందో చెప్పే నంబరు.) అరగంటలో ఫైలు దొరికితే మీకు ఇంకా తొందరలేదు.

అపోహ: బయటికి పంపిన సరుకుకు చలాన్ పుస్తకం చాలు.

పక్క వీధికి మెషినింగ్‌కి, ఇంకో చోటికి గాల్వనైజింగ్‌కి... ఆటోనగర్‌లో సరుకు ఒక షెడ్డులోనే ఉండదు. జీఎస్‌టీ చట్టం 143వ సెక్షన్ ప్రకారం జాబ్ వర్క్‌కి పంపిన ముడిసరుకు ఏడాదిలో, క్యాపిటల్ గూడ్స్ (యంత్రాల్లాంటివి) మూడేళ్లలో తిరిగి రావాలి, లేదా అక్కడి నుంచే అమ్ముడుపోవాలి. లేకపోతే పంపిన రోజునే అమ్మినట్టు లెక్క. అచ్చులు, డైలు, జిగ్‌లు, ఫిక్చర్లు, టూల్స్‌కి మాత్రం ఈ గడువు లేదు. ఒక్కో జాబ్ వర్కర్‌ను సిస్టమ్‌లో ఒక్కో గోడౌన్‌గా పెట్టుకుంటే ఎవరి దగ్గర ఎన్నాళ్లుగా ఏముందో ఒక్క రిపోర్టులో తెలుస్తుంది. పుస్తకంలోనూ తెలుస్తుంది, కాకపోతే పాత పేజీలు తిప్పేవాళ్లు ఉండాలి.

అపోహ: తప్పు ఎంట్రీ పడితే డిలీట్ కొట్టేయొచ్చు.

కంపెనీల చట్టం కిందికి వచ్చేవాళ్లకు ఆ రోజులు పోయాయి. 2023 ఏప్రిల్ 1 నుంచి వాళ్ల అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పూ తేదీతో సహా నమోదై తీరాలి. తప్పును చెరపకుండా, దాన్ని రద్దు చేసే రివర్స్ ఎంట్రీ వేయడం నేర్చుకోండి.

అపోహ: పెద్ద కంపెనీలకు ఈ తిప్పలుండవు.

1999లో అమెరికా చాక్లెట్ కంపెనీ హెర్షీ కొత్త సిస్టమ్‌లోకి మారింది. చాక్లెట్లు జోరుగా అమ్ముడయ్యే హాలోవీన్ పండగ సీజను ముంచుకొచ్చాక, సరుకు చేతిలో ఉండి కూడా సుమారు పది కోట్ల డాలర్ల ఆర్డర్లు పంపలేకపోయింది. మన దగ్గర ఆ సీజను పేరు మార్చి నెల. ఓపెనింగ్ బ్యాలెన్సులు సులువని అందరూ ఏప్రిల్ 1 ముహూర్తం అడుగుతారు. దానికి మార్చిలో డేటా సర్దాలి, ఆ నెలేమో డిస్పాచ్‌ల హడావుడిలో స్టోర్‌కీపర్ భోజనానికి కూడా ఇంటికెళ్లడు. నేను జూలై 1 చెబుతాను.

అపోహ: సర్వర్ మన ఆఫీసులో ఉంటేనే డేటా భద్రం.

2014 అక్టోబర్ 12, హుద్‌హుద్ తుపాను. నాకు తెలిసిన ఒక షెడ్డులో రేకులు లేచిపోయాయి. సర్వర్ టేబుల్ కింద ఉంది, మునిగింది. బ్యాకప్ తీస్తున్నారు, రోజూ తీస్తున్నారు. ఆ హార్డ్ డిస్క్ అదే టేబుల్ కింది సొరుగులో ఉంది. తడిసిన చలాన్ పుస్తకాలను ఫ్యాను కింద ఆరబెట్టి, పేజీ పేజీ విడదీసి మళ్లీ ఎక్కించారు.

అలాగని క్లౌడ్ పెట్టించాక కాగితం పూర్తిగా మానేయమని నేను చెప్పను. గేటు దగ్గర వరుస నంబర్లు అచ్చేసిన జీఆర్‌ఎన్ పుస్తకం ఒకటి ఉండాలి. నెట్ పోయిన రోజు అందులో టైముతో సహా రాయాలి, నెట్ వచ్చాక అదే వరుసలో ఎక్కించాలి. ఆ పుస్తకం కింది సొరుగులో మాత్రం పెట్టకండి.