సగం రాసిన కథను బయట పెట్టడం: అపోహలు - వాస్తవాలు

2014లో మొదలైన కథల వేదిక ప్రతిలిపి ఉండేది మన బెంగళూరులోనే. మారతహళ్లి ట్రాఫిక్‌లో క్యాబ్ కదలని ముప్పావుగంటలో ఫోన్‌లోనే ఒక భాగం రాసి, దిగేలోపు పోస్ట్ చేసేసే తెలుగువాళ్లు ఈ ఊళ్లో తక్కువేం కాదు. రాసినంతసేపూ బాగానే ఉంటుంది. చిక్కంతా ఆ పోస్ట్ బటన్ దగ్గరే.

అపోహ: సీరియల్ అంటే ఏ వారానిది ఆ వారం రాసుకోవడమే.

వాస్తవం: కథ పాఠకుల కంటే నాలుగడుగులు ముందు నడవాలి. వారానికొక భాగం, వెయ్యి నుంచి పన్నెండొందల పదాలు అనుకుంటే, నాలుగు భాగాలు చేతిలో పెట్టుకుని మొదటిది వదలండి. ఆఫీసులో రిలీజో, ఊరి ప్రయాణమో, జ్వరమో వచ్చినా బండి ఆగదు. అసలు లాభం వేరే ఉంది. ఆరో భాగం రాస్తుంటే హీరోయిన్‌కి ఒక అన్నయ్య కావాల్సొస్తాడు. మూడో భాగంలో చూస్తే ‘ఒక్కగానొక్క కూతురు’ అని ఉంటుంది. అదింకా మీ దగ్గరే ఉంటే ఒక మాట కొట్టేస్తే సరి. బయటికి వెళ్లిపోతే ఆ అన్నయ్యని ఏ మేళాలో తప్పిపోయాడనో చెప్పుకోవాలి.

పాత్రల పట్టీ ఒకటి రాసుకోండి: పేరు, వయసు, ఊరు, కథ జరిగే ఏడు. అన్నిటికన్నా ముందు వరసలు. మూడో భాగంలో ‘అత్తయ్య’ అన్నావిడ తొమ్మిదో భాగంలో ‘పిన్ని’ అయిందంటే, ఆవిడ కొడుకు బావ కాస్తా అన్నయ్య అవుతాడు. ప్రేమకథ అక్కడితో సరి!

అపోహ: పాఠకులు అడిగినట్టు మార్చాలి. (లేదా, అస్సలు పట్టించుకోకూడదు.)

వాస్తవం: కామెంట్లు రెండు రకాలు. 2019లో జరిగే కథలో అమ్మాయిని వైట్‌ఫీల్డ్‌లో మెట్రో ఎక్కించారనుకోండి. అప్పటికి పర్పుల్ లైన్ బైయప్పనహళ్లి దాకానే. వైట్‌ఫీల్డ్‌కి రైలు వచ్చింది 2023 మార్చిలో, మధ్య ముక్క కలిసింది ఆ అక్టోబరులో. ఇక్కడి పాఠకులు గంటలో పట్టేస్తారు. ఇలాంటిది వెంటనే దిద్ది, తర్వాతి భాగం పైన ఒక లైను రాయండి. ‘వాళ్లిద్దర్నీ కలిపెయ్యండి ప్లీజ్’ రకం మాత్రం కథ అయ్యేదాకా పక్కన పెట్టండి. ‘ఎలా ఉంది?’ అని అడిగితే ‘సూపర్’ వస్తుంది, దాంతో పనేం లేదు. ‘చదవడం ఎక్కడ ఆపారు?’ అని అడగండి. ముగ్గురు ఒకే పేరా చూపించారంటే లోపం అక్కడో, దానికి కాస్త ముందో ఉంటుంది. మందు మాత్రం వాళ్లు చెప్పిందే కానక్కర్లేదు.

అపోహ: చిత్తే కదా, తర్వాత పోటీకి పంపుకోవచ్చు.

వాస్తవం: ఎక్కువమంది చేతులు కాల్చుకునేది ఇక్కడే. పత్రికలు, పోటీలు అడిగే హామీ పత్రంలో ‘ఇంతకుముందు ఎక్కడా ప్రచురితం కాలేదు’ అని ఉంటుంది. చాలాచోట్ల బ్లాగులు, ఫేస్‌బుక్, వాట్సాప్ గ్రూపులు కూడా అందులోకే వస్తాయి. పోస్ట్ తీసేసినంత మాత్రాన అది అచ్చుకాని కథ అయిపోదు. పోటీ కథైతే నమ్మకమైన నలుగురికి విడిగా పంపి అంతటితో ఆపండి.

అపోహ: రిజిస్టర్ చేయించని కథకు హక్కు ఉండదు.

వాస్తవం: 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రాసినప్పుడే హక్కు వస్తుంది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కోర్టుకెళ్తే సాక్ష్యంగా పనికొస్తుంది. రక్షణ మీ రాతకే, ఐడియాకి కాదు. తేదీలతో చిత్తుప్రతులు దాచుకోండి. ఎవరైనా ఎత్తుకుపోతే ముందు లింకు, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుని, ఆ తర్వాతే గొడవకు దిగండి.

అపోహ: మధ్యలో ఆపేస్తే ఎవరికీ పట్టదు.

వాస్తవం: పట్టేది ఆపినందుకు కాదు, చెప్పకుండా ఆపినందుకు. ‘దసరా తర్వాత మళ్లీ’ అని ఒక్క లైను పెట్టండి. తిరిగి మొదలుపెట్టిన భాగం పైన యాభై, అరవై పదాల్లో జరిగిన కథ ఇవ్వండి. అందులో ఎవరెవరికి ఏమవుతారో మాత్రం మర్చిపోకండి.