విచారణలో సృష్టి సంరక్షణ: అపోహలు - వాస్తవాలు

విచారణలో, అంటే ఒక గురువు చూసుకునే క్యాథలిక్ సంఘంలో (పారిష్‌లో), పర్యావరణం మాట రాగానే ఒక ప్రసంగం, ఒక మొక్క, ఒక గ్రూప్ ఫొటో. ఆ తర్వాత అంతా మామూలే. ఏటా పోగయ్యే చెత్తలో ఎక్కువ భాగం ఉత్సవ కమిటీ రాసే కొనుగోళ్ల చిట్టాలోనే పుడుతుంది. అందుకే కింద ఆ చిట్టా సంగతే ఎక్కువగా ఉంటుంది.

అపోహ: ఇదంతా పోప్ ఫ్రాన్సిస్ కొత్తగా తెచ్చిన విషయం.

సృష్టి సంరక్షణపై ఆయన 'లౌదాతో సీ' విశ్వలేఖ (పోప్ సంఘమంతటికీ రాసే లేఖ) 2015లో వచ్చింది. అంతకుముందే పోప్ రెండవ జాన్ పాల్ 1990 జనవరి 1న ప్రపంచ శాంతి దినం సందేశాన్ని సృష్టి గురించే ఇచ్చారు. అస్సీసీ ఫ్రాన్సిస్‌ను పర్యావరణ రంగానికి పాలక పునీతుడిగా ఆయన 1979లోనే ప్రకటించారు. తోటను సేద్యం చేస్తూ కాపాడమని ఆదికాండం 2:15 చెబుతోంది. చెట్టుకు మొక్కమని ఎవరూ అనలేదు, అప్పగించినదాన్ని కాయమన్నారు.

అపోహ: పేపర్ ప్లేట్లు వాడితే ఇబ్బంది లేదు.

ప్రేమవిందులో (చర్చిలో అందరూ కలిసి తినే భోజనంలో) కనిపించే వెండి రంగు ప్లేటు మీద ప్లాస్టిక్ పొర ఉంటుంది. పేపర్ కప్పు లోపలా అంతే. రెండూ మట్టిలో కలవవు, కూర అంటుకున్నాక రీసైక్లింగ్‌కూ పనికిరావు. ఈనెపుల్లలతో కుట్టిన అడ్డాకు విస్తరి గానీ అరిటాకు గానీ మేలు. మిషన్‌పై అచ్చు వేసిన విస్తరి కొనేటప్పుడు వెనక్కి తిప్పి చూడండి, చాలాసార్లు అట్టకో ప్లాస్టిక్ షీటుకో అతికించి ఉంటుంది.

ఏడాదికి నాలుగైదు విందులు జరిగే విచారణకు స్టీలు కంచాలే లాభం. పెళ్లిళ్లకు అద్దెకిస్తే పెట్టుబడి తిరిగొస్తుంది. అసలు చిక్కు కడగడంలో వస్తుంది. మూడు తొట్లు పెట్టాలి: మొదటి దాంట్లో ఎంగిలి వదలడానికి నీళ్లు, రెండో దాంట్లో సబ్బు నీళ్లు, మూడో దాంట్లో వేడి నీళ్లు. మొదటి తొట్టి పక్కనే ఎంగిలి మెతుకులు దులపడానికి ఒక బకెట్ ఉండాలి. అది లేకపోతే మొదటి వంద కంచాలకే నీళ్లు జిడ్డెక్కి, కడిగేవాళ్లు విసుగెత్తి మళ్లీ పేపర్ ప్లేట్లే తెమ్మంటారు. ఇదంతా కేటరింగ్‌కు అడ్వాన్స్ ఇవ్వకముందే తేలాలి. ఫిబ్రవరిలో ఉత్సవమైతే నవంబర్‌లోనే విచారణ జమాఖర్చులు చూసే ఆర్థిక మండలి ముందు పెట్టండి. చర్చి చట్టంలోని 537వ నిబంధన ప్రకారం ప్రతి విచారణలోనూ ఈ మండలి ఉండి తీరాలి.

అపోహ: క్రిస్మస్‌కు థర్మోకోల్ పశువుల పాక పెడితే ఎవరేమంటారు?

చట్టమే ఒప్పుకోదు. 2022 జూలై 1 నుంచి దేశమంతటా అలంకరణ థర్మోకోల్, ప్లాస్టిక్ జెండాలు, స్పూన్లు, 100 మైక్రాన్ల లోపు మందం ఉన్న ప్లాస్టిక్ బ్యానర్లు నిషేధం. వరిగడ్డి, వెదురు, గోనెపట్టా ఉండగా పాకకు థర్మోకోల్ ఎందుకో ఎప్పటికీ అర్థం కాదు.

అపోహ: పీఠం (బలిపీఠం) మీది పూలు పవిత్రమైనవి, ఎరువు చేయకూడదు.

పీఠం దగ్గర పెట్టినంత మాత్రాన పువ్వు ఆశీర్వదించిన వస్తువు కాదు. నిరభ్యంతరంగా ఎరువు చేయొచ్చు. అడుగున రంధ్రాలున్న 200 లీటర్ల డ్రమ్ములో ఒక వంతు పూలకు రెండు వంతులు ఎండుటాకులు వేసి, మీద పేడనీళ్లు చల్లి, వారానికోసారి తిరగేయండి. పిడికిట్లో పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి. కారిపోతుంటే కంపు కొడుతుంది, ఎండుటాకులు కలపాలి. దండల్లోని నైలాన్ దారం, జరీ కాగితం, పిన్నులు ముందే తీసేయాలి. పూలు గుచ్చే పచ్చ స్పాంజి డ్రమ్ములోకి అసలు వెళ్లకూడదు. అది ప్లాస్టిక్, నలిగి పొడైపోతుందే తప్ప కుళ్లదు. దాని బదులు ఇసుక పోసిన కుండ చాలు.

ఆశీర్వదించిన వస్తువుల లెక్క వేరు. విరిగిన స్వరూపాలను (పునీతుల విగ్రహాలను) కాలువలో వేయకుండా దేవాలయ ఆవరణలో పాతిపెట్టండి. కిందటేటి మ్రానికొమ్మల ఆదివారం ఆకులను విభూది బుధవారానికి రెండు వారాల ముందే సేకరించి, రిబ్బన్లు తీసి, ఇనుప మూకుడులో కాల్చి సన్నగుడ్డలో జల్లించాలి. కిరోసిన్ పోయకూడదు. ఆ విభూదిని నీళ్లతో ముద్దలా కలపకూడదు కూడా. బూడిదలోని క్షారం నీళ్లతో కలిసి చర్మాన్ని కాలుస్తుంది. పసిపిల్లల నుదుళ్లు బొబ్బలెక్కేది అందుకే. పొడిగానే పెట్టండి.

అపోహ: ప్రపంచ పర్యావరణ దినమైన జూన్ 5న మొక్క నాటితే బాధ్యత తీరింది.

ఆ రోజుకు మన దగ్గర చాలాచోట్ల వానలే రావు. మే నెలలో రెండడుగుల గుంత తీసి ఎండకు వదిలి, జూలైలో నేల బాగా నానాక నాటండి. సెప్టెంబర్ 1 నుంచి అక్టోబర్ 4 వరకు చర్చిల్లో సృష్టి కోసం ప్రార్థించే సృష్టి కాలాన్ని బతికినవి లెక్కించడానికీ, పోయినచోట మళ్లీ నాటడానికీ వాడుకోండి. మొదటి రెండు వేసవులు నీళ్లెవరు పోస్తారో వాడల వారీగా రాసుకోకపోతే కంచెలు మాత్రమే మిగులుతాయి.

అపోహ: ఇంకుడు గుంత ఒకసారి తవ్వితే ఇక చూడక్కర్లేదు.

150 చదరపు మీటర్ల దేవాలయ కప్పు మీద ఒక సెంటీమీటర్ వాన పడితే 1,500 లీటర్లు. కారిపోయేది, ఆవిరయ్యేది తీసేసినా సుమారు 1,200 లీటర్లు గుంతకు చేరతాయి. అడుగున పెద్ద రాళ్లు, ఆపైన కంకర, అన్నిటికన్నా పైన ముతక ఇసుక. ఒండ్రు చేరి మొదట మూసుకుపోయేది ఆ ఇసుకే. ఏటా మే నెలలో పై నాలుగంగుళాలు తీసి కొత్త ఇసుక వేయాలి. తొలి వాన నీళ్లు పావురాల రెట్టతో వస్తాయి కాబట్టి వాటిని బయటికి వదిలే వాల్వు పైపుకు ఉండాలి. సెప్టిక్ ట్యాంకుకు కనీసం 15 మీటర్ల దూరం పాటించండి. బండ్లు నిలిపే చోటి నీళ్లను ఈ గుంతకు మళ్లించకండి, ఆయిల్ భూగర్భ జలంలో కలుస్తుంది.