‘ఆ మాత్ర ఇప్పుడే వద్దు’: లెవోడోపా భయం ఎక్కడ మొదలైంది?

పార్కిన్సన్స్ (వణుకు జబ్బు) అని తేలగానే, దానికి వాడే ముఖ్యమైన మందు లెవోడోపా గురించి చాలా ఇళ్లలో ఒక లెక్క మొదలవుతుంది. ‘లెవోడోపా అయిదేళ్లే పనిచేస్తుందట. ఇప్పుడే వాడేస్తే రేపు జబ్బు ముదిరాక ఏం వాడతాం?’ చొక్కా గుండీలు పెట్టుకోలేక, రాత్రి మంచంలో పక్కకు తిరగలేక అవస్థ పడుతూ కూడా మాత్రను వాయిదా వేస్తారు. మొదలుపెట్టినవాళ్లు మూడు పూటలు రాస్తే రెండు పూటలతో సరిపెడతారు. ఇది జనం కల్పించుకున్న భయం కాదు, ఒకప్పుడు న్యూరాలజిస్టులే చెప్పిన మాట. వాళ్లలో ఎక్కువమంది ఆ మాట మానేసి చాలాకాలమైంది. జనంలో మాత్రం అది అలాగే ఉండిపోయింది.

లెవోడోపా మొదట దొరికింది గింజల్లో. 1913లో మార్కస్ గుగ్గెన్‌హైమ్ విసియా ఫాబా అనే చిక్కుడు జాతి గింజల నుంచి దాన్ని వేరుచేశాడు. రెండున్నర గ్రాములు తానే మింగి వాంతులు చేసుకున్నాడు. పెద్దగా పనికొచ్చే పదార్థం కాదని దాన్ని పక్కన పెట్టేశారు. 1937లో మద్రాసు విశ్వవిద్యాలయం బయోకెమిస్ట్రీ ప్రయోగశాలలో దామోదరన్, రామస్వామి అదే పదార్థాన్ని మన పొలం గట్ల మీద పెరిగే దూలగొండి గింజల్లోంచి తీశారు. ముట్టుకుంటే ఒళ్లంతా దురద పెట్టే కాయ అది. ఆయుర్వేద వైద్యులు కపికచ్చు అంటారు. దానికీ వణుకు జబ్బుకూ లంకె ఏమిటో ఆధునిక వైద్యానికి అప్పటికి తెలియదు.

ఆ లంకె మరో భారతీయ మొక్క నుంచి దొరికింది. సర్పగంధ వేరు రక్తపోటును తగ్గిస్తుందని బొంబాయి డాక్టరు రుస్తుం జాల్ వకీల్ 1949లో బ్రిటిష్ పత్రికలో రాశారు. 1952లో స్విట్జర్లాండ్‌లోని సీబా కంపెనీ దాన్నుంచి రిసర్పిన్‌ను వేరుచేసింది. రిసర్పిన్ వాడిన కొందరు రోగులు అచ్చం పార్కిన్సన్స్ వచ్చినవాళ్లలా బిగుసుకుపోయేవారు. 1957లో స్వీడన్ శాస్త్రవేత్త అర్విద్ కార్ల్‌సన్ కుందేళ్లకు రిసర్పిన్ ఎక్కించి, అవి కదలకుండా పడిపోయాక డోపా ఇచ్చాడు. కాసేపటికే లేచి తిరిగాయి. 1960లో వియన్నాలో ఎరింగర్, హార్నికీవిచ్ చనిపోయిన పార్కిన్సన్స్ రోగుల మెదళ్లను పరీక్షించి, స్ట్రయాటమ్ అనే భాగంలో డోపమైన్ దాదాపు ఇంకిపోయిందని చూపించారు. డోపమైన్ అంటే కదలికలను నడిపే రసాయనం, మెదడు దాన్ని డోపా నుంచే తయారుచేసుకుంటుంది. మరుసటి ఏడు బిర్క్‌మేయర్ 50 నుంచి 150 మిల్లీగ్రాముల లెవోడోపాను నరంలోకి ఎక్కిస్తే, మంచం పట్టినవాళ్లు లేచి నడిచారు. కాని ఆ గుణం కొన్ని గంటలే నిలిచింది. తర్వాత కొన్నేళ్లపాటు చాలామంది చిన్న మోతాదులతో ప్రయత్నించి, ఫలితం తేలక వదిలేశారు.

భయానికి బీజం పడింది ఆ తర్వాతి ఘట్టంలో. న్యూయార్క్ రాష్ట్రంలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో జార్జ్ కొట్జియాస్ 16 మందికి డోపాను నోటి ద్వారా ఇచ్చి 1967లో ఫలితాలు ప్రకటించాడు. మోతాదు రోజుకు 3 నుంచి 16 గ్రాములు. మిల్లీగ్రాములు కాదు, గ్రాములు! అందులో సగం శరీరానికి పనికిరాని డి-డోపా. కొందరిలో తెల్లరక్తకణాలు పడిపోయాయి. అసలు ఆయన ఉద్దేశం డోపమైన్ కూడా కాదు, మెదడులో తగ్గిన నల్లరంగు పదార్థం మెలనిన్‌ను మళ్లీ నింపడం. ఊహ తప్పినా పద్ధతి సరైనది: అతి తక్కువతో మొదలుపెట్టి, వాంతి రానంత నిదానంగా వారాల తరబడి పెంచుకుంటూ పోవడం. 1969లో శుద్ధమైన ఎల్-డోపాతో, అంటే లెవోడోపాతో, 28 మంది మీద ఫలితాలు వచ్చాయి. అందరూ ఎంతో కొంత మెరుగయ్యారు. పదిమందైతే నమ్మలేనంతగా కోలుకున్నారు. అమెరికా ప్రభుత్వం 1970లో అనుమతి ఇచ్చింది.

దాంతోపాటే కొత్త బాధా బయటపడింది. మందు బాగా పనిచేస్తున్న వేళల్లో తల, భుజాలు, కాళ్లు వాటంతట అవే మెలికలు తిరిగేవి. దీన్నే డిస్కినీసియా అంటారు. మందు దిగిపోగానే మనిషి ఉన్నచోటే బిగుసుకుపోయేవాడు. ఆ రోగుల్లో చాలామందికి అప్పటికే జబ్బు వచ్చి ఏళ్లు గడిచాయి. మందే లేని కాలంలో ముదిరిపోయిన జబ్బుకు గ్రాముల కొద్దీ మందు పడింది. దోషం మందుదా, మోతాదుదా, ముదిరిన జబ్బుదా అని విడదీసి చూసే వీలు అప్పుడు లేదు. నింద మందు మీద పడింది.

అంత మోతాదు ఎందుకు కావలసివచ్చిందంటే, ఒట్టి లెవోడోపా మింగితే మెదడుకు చేరేది నూటికి ఒక వంతు. మిగతాదాంట్లో ఎక్కువ భాగం పేగుల్లో, రక్తంలో, కాలేయంలో ముందే డోపమైన్‌గా మారి వాంతి తెప్పిస్తుంది, రక్తపోటును పడేస్తుంది. ఆ మార్పును మెదడు బయటే ఆపేది కార్బిడోపా. ఇది మెదడులోకి వెళ్లదు. రెండూ కలిపిన మాత్ర అమెరికాలో 1975లో వచ్చింది. లెవోడోపా అవసరం సుమారు నాలుగో వంతుకు పడిపోయింది.

ఇక్కడ మన మందుల షాపులకు సంబంధించిన లెక్క ఒకటుంది. బయటి మార్పు పూర్తిగా ఆగాలంటే రోజుకు 70 నుంచి 100 మిల్లీగ్రాముల కార్బిడోపా కావాలి. సిండోపా 110లో ఉన్నది 100 లెవోడోపా, 10 కార్బిడోపా. మూడు పూటలా ఒక్కో మాత్ర వేసుకుంటే కార్బిడోపా అందేది 30 మిల్లీగ్రాములే. 100కి 25 కలిసిన సిండోపా ప్లస్‌తో అయితే 75 అందుతుంది. ‘ఈ మందు నాకు పడదు, కడుపులో తిప్పుతోంది’ అని మానేసేవాళ్లలో కొందరికి కావలసింది లెవోడోపా మానడం కాదు, కార్బిడోపా పెంచడం. మాత్ర మార్చేది డాక్టరే అయినా, ఈ ప్రశ్న రోగి అడగవచ్చు.

1980ల తర్వాత భయానికి శాస్త్రం మద్దతు కూడా దొరికినట్టనిపించింది. డోపమైన్ ఆక్సీకరణం చెందితే హైడ్రోజన్ పెరాక్సైడ్, క్వినోన్లు అనే, కణాలకు హాని చేయగల పదార్థాలు పుడతాయి. గాజు పాత్రల్లో పెంచిన కణాలకు లెవోడోపా ఎక్కువగా పోస్తే అవి చచ్చిపోయాయి. మెదడులోనూ ఇదే జరుగుతుందేమోనన్న అనుమానంతో ‘వీలైనంత ఆలస్యంగా’ అన్నది వైద్యుల విధానమైంది. బదులుగా డోపమైన్ అగొనిస్టులు, అంటే మెదడులో డోపమైన్‌లా పనిచేసే మందులు ముందుకొచ్చాయి. 2000లో వచ్చిన అయిదేళ్ల అధ్యయనంలో రోపినిరోల్ అనే అగొనిస్టుతో మొదలుపెట్టినవాళ్లలో 20 శాతానికి, లెవోడోపాతో మొదలుపెట్టినవాళ్లలో 45 శాతానికి డిస్కినీసియా వచ్చింది. ఈ అంకెలు బాగా ప్రచారమయ్యాయి. కదలిక స్కోరు లెవోడోపావాళ్లకే మెరుగ్గా ఉందన్నది మాత్రం అంతగా వినపడలేదు. పట్టపగలు ముంచుకొచ్చే నిద్ర, కాళ్ల వాపులు, లేనివి కనిపించడం, ఎన్నడూ ముట్టనివాళ్లు పేకాటకో షాపింగుకో బానిసలవడం అగొనిస్టుల ఖాతాలోనివి. వాటిలో ఒకటైన పెర్గోలైడ్ గుండె కవాటాలను దెబ్బతీస్తోందని తేలి 2007లో అమెరికా మార్కెట్ నుంచే పోయింది.

మందు నిజంగా మెదడుకు విషమా అని మనుషుల్లో సూటిగా అడిగిన అధ్యయనం పేరు కూడా ఎల్‌డోపాయే (ELLDOPA). 2004లో ఫలితాలు వచ్చాయి. మందు ఇంకా మొదలుపెట్టని 361 మందిని నాలుగు గుంపులు చేశారు. రోజుకు 150, 300, 600 మిల్లీగ్రాములు మూడు గుంపులకు, ఉత్తుత్తి మాత్ర నాలుగో గుంపుకు. 40 వారాలయ్యాక అందరికీ రెండు వారాలు మందు ఆపి, అప్పుడు కొలిచారు. విషమే అయితే మందు ఆపాక లెవోడోపావాళ్లే ఎక్కువ దిగజారి ఉండాలి. జరిగింది తలకిందులు. జబ్బు లక్షణాలను కొలిచే స్కోరు ఉత్తుత్తి మాత్రవాళ్లలో 7.8 పాయింట్లు క్షీణించింది. 150, 300 వాళ్లది 1.9 చొప్పున క్షీణించింది. 600 వాళ్లది మొదలుపెట్టిన నాటికంటే 1.4 మెరుగ్గా ఉంది. అయితే 600 గుంపులో 16.5 శాతం మందికి డిస్కినీసియా వచ్చింది. పైగా కొందరికి చేసిన మెదడు స్కాన్లలో లెవోడోపావాళ్లలోనే డోపమైన్ నరాల గుర్తు ఎక్కువ తగ్గినట్టు కనపడింది. రోగి మెరుగు, స్కాన్ తరుగు. మందు ప్రభావం రెండు వారాల్లో పూర్తిగా దిగలేదేమో, మందు స్కాన్ గుర్తునే మార్చిందేమో అన్న వాదన ఏళ్ల తరబడి నడిచింది.

దాన్ని చాలావరకు తేల్చింది నెదర్లాండ్స్‌లో జరిగిన లీప్ అధ్యయనం. 445 మందిలో సగం మందికి 100/25 మాత్ర మూడు పూటలా మొదటి రోజు నుంచే, మిగతా సగానికి 40 వారాలు ఉత్తుత్తి మాత్ర, ఆ తర్వాత అసలు మాత్ర ఇచ్చారు. 80 వారాలకు రెండు గుంపుల స్కోర్లలో చెప్పుకోదగ్గ తేడా లేదు. అంటే మందు జబ్బును ఆపలేదు, పెంచనూ లేదు. 2019 నాటి మాట ఇది.

‘అయిదేళ్ల’ లెక్కకు జవాబు ఘనాలో దొరికింది. అక్కడ మందు అందుబాటులో లేక, జబ్బు మొదలైన సగటున 4.2 ఏళ్లకు గాని లెవోడోపా ఆరంభం కాలేదు. ఇటలీలో 2.4 ఏళ్లకే మొదలైంది. వాయిదా వేస్తే మేలే అయితే ఘనావాళ్లకు డిస్కినీసియా ఆలస్యంగా రావాలి. కాని 2014లో వచ్చిన ఫలితాల ప్రకారం, జబ్బు మొదలైన నాటి నుంచి లెక్కిస్తే రెండు దేశాల్లోనూ దాదాపు అదే కాలానికి వచ్చింది. దాచుకున్న రెండేళ్లూ ఊరికే పోయాయి. కారణం నరకణాల్లో ఉంది. మొదట్లో మిగిలి ఉన్న కణాలు డోపమైన్‌ను నిల్వ చేసుకుని కాస్త కాస్తగా వదులుతాయి. అవి తగ్గేకొద్దీ మెదడులో మట్టం రక్తంలోని మందుతోపాటే ఎక్కి దిగుతుంది. ఓవర్‌హెడ్ ట్యాంకు ఉన్న ఇంటికీ, మునిసిపాలిటీ కొళాయి వచ్చినప్పుడే పట్టుకునే ఇంటికీ ఉన్న తేడా ఇదే. కార్బిడోపాతో కలిసినా లెవోడోపా రక్తంలో గంటన్నరకు సగమవుతుంది మరి.

అలాగని భయం మొత్తం వట్టిదీ కాదు. మోతాదు పెరిగితే డిస్కినీసియా ముప్పు పెరుగుతుంది, రోజుకు 400 మిల్లీగ్రాములు దాటాక మరీను. చిన్న వయసులో జబ్బు వచ్చినవాళ్లకు, ఆడవాళ్లకు, బరువు తక్కువున్నవాళ్లకు ముప్పు ఎక్కువ. ఘనా అధ్యయనంలోనూ లెక్కలోకి వచ్చింది కిలో బరువుకు ఎన్ని మిల్లీగ్రాములన్నదే. 45 కిలోల మనిషికి, 80 కిలోల మనిషికి ఒకే చీటీ నప్పదు.

‘మందు పనిచేయడం మానేసింది’ అన్నప్పుడు కూడా ముందు చూడాల్సినది పళ్లెం. లెవోడోపా ఒక అమైనో ఆమ్లం. పేగు గోడ దగ్గర, మెదడు గడప దగ్గర మాంసకృత్తుల నుంచి వచ్చే అమైనో ఆమ్లాలతో పోటీపడి లోపలికి వెళ్లాలి. పప్పు, గుడ్డు, పెరుగుతో భోంచేసి వెంటనే మాత్ర వేసుకుంటే ఆ పూట మందు పట్టకపోవచ్చు. భోజనానికి అరగంట నుంచి గంట ముందు వేసుకోవాలి. ఐరన్ మాత్ర లెవోడోపాను పట్టేసుకుంటుంది కాబట్టి రెంటికీ మధ్య కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. మలబద్ధకం ఉంటే దాన్నీ సరిచేయించుకోవాలి. ఎడం, వేళ అన్నీ సరిచూశాకే మోతాదు సంగతి. కోపంతోనో భయంతోనో ఒక్కసారిగా మానేస్తే మాత్రం తీవ్రమైన జ్వరం, బిగుతు, స్పృహ తప్పడం దాకా వెళ్లవచ్చు. ఆసుపత్రిలో చేరాల్సిన స్థితి అది.

మాత్ర వద్దనుకున్నవాళ్లు చాలాసార్లు చేరేది దూలగొండి పొడి దగ్గరికి. ‘సహజమైనది’ కాబట్టి భయం లేదంటారు. పొడిలో పనిచేసేదీ లెవోడోపాయే. 2004లో లండన్‌లో ఎనిమిది మంది మీద చేసిన పరీక్షలో 30 గ్రాముల పొడి, 200/50 మాత్రకంటే తొందరగా, ఎక్కువసేపు పనిచేసింది. ఆ 30 గ్రాముల్లో సుమారు 1000 మిల్లీగ్రాముల లెవోడోపా ఉంది, కార్బిడోపా లేదు. బొలీవియాలో 14 మందికి వారాల తరబడి పొడి ఇచ్చి చూస్తే ఏడుగురు మధ్యలోనే మానేశారు. నలుగురు కడుపు బాధతో, ముగ్గురు కదలిక దిగజారి. గింజను బట్టి, వేయించిన తీరును బట్టి లెవోడోపా మారుతుంది. డబ్బా మీద ఎన్ని మిల్లీగ్రాములో రాయని పొడిని రోజూ రెండు చెంచాలు తింటూ, దానిమీద మాత్రలు వేసుకునే మనిషి మోతాదును ఏ న్యూరాలజిస్టూ లెక్కగట్టలేడు. ఆ డబ్బాను కూడా మందుల సంచిలో వేసుకుని వెళ్లి చూపించాలి.